ఫింగర్ లేక్స్‌లో ఆర్‌వీ బస: ఒక్క సరస్సు, మూడు రాత్రులు

కావలి నుంచి అడిగిన అన్నయ్యగారికి,

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. సెప్టెంబరులో న్యూజెర్సీలో ఉన్న మీ అబ్బాయి దగ్గరికి వెళుతున్నారు. లోపలే వంటగది, పడకలు, స్నానాలగది ఉండే ఆర్‌వీ బండి అద్దెకు తీసుకుని, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ చూపిస్తానని అతను అంటున్నాడు. నాలుగు రాత్రులు, అయిదు సరస్సులు, ఎనిమిది వైనరీలు అని పట్టిక కూడా పంపాడు. మీ దంపతులకు మందు అలవాటు లేదు. వదినగారికి మోకాళ్ళ నొప్పులు. మనవడికి నాలుగేళ్ళు. క్యాంప్‌గ్రౌండ్ అంటే చెట్ల కింద పడుకోవడమా, ద్రాక్షసారా తయారయ్యే చోట మాకేం పని అని మీ సందేహం.

తప్పకుండా వెళ్ళండి. ఆ పట్టికను మాత్రం చింపేయమనండి. ఒక్క సరస్సు ఎంచుకుని దాని ఒడ్డున ఒకేచోట మూడు రాత్రులు ఉండండి. మిగతా ఒక రాత్రి రానుపోను దారికి సరిపోతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నాది పొదలకూరు వైపు నిమ్మతోటల కుటుంబం. నెల్లూరులో ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి రోచెస్టర్‌లో ఉంటుంది, ఆ సరస్సులు అక్కడికి గంట దూరం. అయిదుసార్లు ఆర్‌వీలో వెళ్ళాం. మొదటిసారి మేమూ మీ అబ్బాయిలాగే నాలుగు రోజుల్లో నాలుగు క్యాంప్‌గ్రౌండ్లు పెట్టుకున్నాం. పొద్దున కాళహస్తి, మధ్యాహ్నం కాణిపాకం, సాయంత్రం వేలూరు ముగించి రాత్రికి ఇల్లు చేరే టూరిస్టు బస్సు బుద్ధి మనది. అక్కడ జరిగిందేమిటంటే, రోజూ పొద్దున గొట్టాలు విప్పడం, తీగలు చుట్టడం, గిన్నెలు కదలకుండా సర్దడం. సాయంత్రం మళ్ళీ అవన్నీ బిగించడం. ఆ నాలుగింటిలో మూడో సరస్సు ఎలా ఉంటుందో నాకు గుర్తులేదు. అక్కడి నీళ్ళ పంపు ఎటు తిప్పితే కారుతుందో గుర్తుంది. ఆర్‌వీ ఉత్త బండి కాదు, ఇల్లు. ఇంటిని రోజూ ఖాళీ చేసి రోజూ గృహప్రవేశం చేస్తే ఎవరికి సంతోషం?

ఇక ఆ చోటు సంగతి. ఫింగర్ లేక్స్ మొత్తం పదకొండు. పటంలో చూస్తే ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగ్గా, సన్నగా, చాచిన వేళ్ళలా ఉంటాయి. మంచుయుగంలో హిమానీనదాలు పాత నదీలోయలను గీకి గీకి లోతు చేసిన గుంటలివి. అన్నిటిలోకి లోతైనది సెనెకా. దాని పొడవు 61 కిలోమీటర్లు. నెల్లూరులో బయలుదేరి మీ కావలి చేరేదాకా రోడ్డు పక్కనే నీళ్ళు కనబడుతున్నాయని ఊహించుకోండి, దాదాపు అంత. వెడల్పు ఎక్కడా అయిదు కిలోమీటర్లకు పెద్దగా మించదు. లోతు 188 మీటర్లు. మన పులికాట్‌లో చాలాచోట్ల నడుము లోతు నీళ్ళలో దిగి వల వేస్తారు. ఇక్కడ ఒడ్డు నుంచి కాస్త దూరం పోతే అడుగు ఎక్కడుందో తెలియదు.

ఈ పొడవు వెడల్పులు ఎందుకు చెబుతున్నానంటే, సరస్సు మధ్యలో వంతెన లేదు. ఎదుటి ఒడ్డున తోటలో దీపం వెలుగుతూ కనబడుతుంది. అక్కడికి పోవాలంటే ఉత్తరాన జెనీవా ఊరో, దక్షిణాన వాట్కిన్స్ గ్లెన్ ఊరో చుట్టి రావాలి, గంట దాకా పడుతుంది. రెండు సరస్సులు ఒక పూటలో చూద్దాం అని పటం ముందు కూర్చుని అనుకోవడం తేలిక. వాలు రోడ్ల మీద ఆర్‌వీ నడిపేవాడికి ఆ పూట ఎంత పొడవో తెలుస్తుంది.

ద్రాక్ష ఇక్కడే ఎందుకు పండుతుంది అన్నదానికీ ఆ లోతే జవాబు. అంత నీరు వేసవి వేడిని దాచుకుని చలికాలమంతా మెల్లగా వదులుతుంది. సెనెకా పూర్తిగా గడ్డకట్టడం చాలా అరుదు. వసంతంలో అదే నీరు చల్లగా ఉండి, మొగ్గలు తొందరపడి విచ్చకుండా ఆపుతుంది. అవి విచ్చేసరికి మంచు దెబ్బ గండం చాలావరకు గడిచిపోతుంది. చల్లగాలి బరువైనది కాబట్టి రాత్రిపూట వాలు మీదుగా సరస్సు వైపు జారిపోతుంది. అందుకే తోటలన్నీ ఏటవాలు నేలల మీదే ఉంటాయి.

వాలు ద్రాక్షకు మంచిది, ఆర్‌వీకి కాదు. క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. బండి ఒక పక్కకు ఒరిగి ఉంటే తల కింద, కాళ్ళు పైన పెట్టి పడుకున్నట్టు ఉంటుంది. గ్యాసు మీద కూడా నడిచే పాత తరహా ఫ్రిజ్ సమతలంగా లేకపోతే సరిగా చల్లబడదు, పాడైపోతుంది కూడా. చక్రాల కింద పెట్టడానికి ప్లాస్టిక్ దిమ్మెలు దొరుకుతాయి, అద్దె బండితో పాటే అడిగి తీసుకోండి. మట్టం చూసే పరికరం నాకు అవసరం లేదు. పెనం మీద దోసె పిండి ఒక పక్కకే పారితే ఆ పక్క చక్రం కింద ఇంకో దిమ్మె పెట్టమని మా అల్లుడికి చెబుతాను.

సరస్సు ఒడ్డున మంచి చోట్లు కొన్ని రాష్ట్ర ప్రభుత్వపు స్టేట్ పార్కుల చేతిలో ఉన్నాయి. వాటిలో క్యాంప్‌గ్రౌండ్లు ఉంటాయి. ఒక్కో బండికి ఒక్కో చోటు, పక్కన బల్ల, మంట వేసుకునే ఇనుప చుట్టు, చాలా చోట్ల కరెంటు పెట్టె. నీళ్ళ పంపు నాలుగడుగుల దూరంలో ఉమ్మడిగా ఉంటుంది. మురుగు నీళ్ళు వదలడానికి బయటికి పోయే దారిలో ఒక చోటు ఉంటుంది. ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లలో అయితే కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ మీ చోటులోనే బిగించుకోవచ్చు. ఈతకొలను, పిల్లల ఆటస్థలం ఉంటాయి. కానీ బండికీ బండికీ మధ్య ఖాళీ తక్కువ. పక్కవాళ్ళ టీవీలో ఏ ఆట నడుస్తోందో మనకు తెలుస్తుంది. నా ఓటు స్టేట్ పార్కుకే. ముగ్గురికి మించి పసిపిల్లలు ఉంటే మాత్రం ప్రైవేటుకు వెళ్ళండి, నీళ్ళు మోసే చాకిరీ తప్పుతుంది.

పార్కుల్లో మీకు నేను చెప్పేది శాంప్సన్. సెనెకా తూర్పు ఒడ్డున ఉంది. వాట్కిన్స్ గ్లెన్ పార్కు అందరూ చెప్పే పేరు. అందం కూడా దానిదే ఎక్కువ. కానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషితో, నాలుగేళ్ళ పిల్లవాడితో మూడు రాత్రులు ఉండాలంటే శాంప్సన్ సుఖం. నేల చదునుగా ఉంటుంది. దానికొక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, అక్కడ నౌకాదళ శిక్షణ కేంద్రం పెట్టి 4 లక్షలకు పైగా కుర్రవాళ్ళను నావికులుగా తయారు చేశారు. సముద్రానికి ఇంత దూరంలో నావికులా అని మా వారు నవ్వారు. ఆ లోతు చూశాక నవ్వలేదు. సైన్యం వేసుకున్న మైదానం, వెడల్పాటి రోడ్లు ఇప్పుడు మనవడి సైకిలుకు పనికొస్తాయి. కరెంటు ఉన్న చోట్లు వందల్లో ఉన్నాయి, సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు దాటాక మామూలు రోజుల్లో దొరకడం కష్టం కాదు. పడమటి వైపు నీళ్ళు కాబట్టి సూర్యాస్తమయం సరస్సు మీద. పక్కనే పాత సైనిక ఆయుధాగారం స్థలం ఉంది, 1941లో చుట్టూ కంచె వేసినప్పుడు లోపల చిక్కుకున్న జింకల సంతతిలో తెల్లవి పుట్టాయి. 96ఏ రోడ్డు మీద కారు నెమ్మదిగా పోనిస్తే, అదృష్టం ఉంటే కంచె వెనక కనిపిస్తాయి. కళ్ళు మామూలు జింకల్లాగే గోధుమరంగులో ఉంటాయి.

రెండో ఎంపిక కావాలంటే క్యూకా లేక్ స్టేట్ పార్కు. క్యూకా సరస్సు ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉంటుంది. పార్కు చిన్నది, నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ కరెంటు ఉన్న చోట్లు తక్కువ, కొన్ని వాలు మీద ఉన్నాయి. కయూగా సరస్సు ఒడ్డున టాఘానక్ ఫాల్స్ చూడవలసిన చోటు, పెద్ద బండి పెట్టడానికి ఇరుకు.

రిజర్వేషన్ తొమ్మిది నెలల ముందు నుంచే ఇస్తారు. పటంలో ఒక్కో చోటు నంబరు, పొడవు, ఫొటో ఉంటాయి. ఆ పని అబ్బాయికి వదిలేయకుండా మీరూ పక్కన కూర్చుని చూడండి. స్నానాల గదులకు రెండు మూడు చోట్ల అవతల ఉన్నది మంచిది. వాటిని ఆనుకుని ఉంటే రాత్రంతా తలుపు చప్పుడు, లైటు. మురుగు వదిలే చోటుకు గాలివాటు దిక్కున ఉండకూడదు. మలుపు మీద ఉన్న చోటు వద్దు, రాత్రి వచ్చే ప్రతి బండి వెలుగూ మన కిటికీలోనే పడుతుంది. బండి పొడవు కన్నా చోటు పొడవు ఓ రెండు మీటర్లు ఎక్కువ ఉండాలి, కారు కూడా పెట్టాలి కదా.

అవును, కారు. ఇది మరచిపోకండి. అబ్బాయి ఆర్‌వీ నడిపితే కోడలు వెనక కారు తేవాలి. ఆర్‌వీని క్యాంప్‌గ్రౌండ్‌లో ఇంటిలా నిలిపి, తిరగడమంతా కారులో తిరగాలి. వైనరీల దారులు ఇరుకు, కొన్నిచోట్ల వెనక్కి తిప్పే జాగా ఉండదు. ఒకసారి ద్రాక్షతోట వరసల మధ్య మా ఆర్‌వీని వెనక్కి తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. తోట యజమాని ట్రాక్టరు దిగివచ్చి దారి చూపించి, చివరికి ఒక బుట్ట ద్రాక్షపళ్ళు కూడా ఇచ్చాడు, జాలిపడి.

బండి సైజు గురించి ఒక్క మాట. డ్రైవరు నెత్తి మీద కూడా మంచం ఉండేది, ఇరవై అయిదు అడుగుల లోపుది, అయిదుగురికి సరిపోతుంది. అంతకన్నా పెద్దది ఆడంబరం. న్యూయార్క్ రాష్ట్రంలో పార్క్‌వే అని పేరున్న రోడ్ల మీదికి, ముఖ్యంగా నగరం చుట్టుపక్కల, అసలు ఎక్కవద్దు. వంతెనలు తక్కువ ఎత్తు, బండి పైకప్పు మీద ఏసీ ఉంటుంది. ఫోనులోని మామూలు పటానికి మన బండి ఎత్తు తెలియదు. న్యూజెర్సీ నుంచి కారుకు నాలుగున్నర, అయిదు గంటల దారి, ఆర్‌వీకి ఆరు పెట్టుకోండి.

కరెంటు దగ్గర మనవాళ్ళు తడబడతారు. ఆ బండ్లకు ఎక్కువగా 30 ఆంపియర్ల కనెక్షన్ ఉంటుంది. అక్కడ కరెంటు 120 వోల్టులు. గుణిస్తే 3,600 వాట్లు. పైకప్పు ఏసీ ఇంచుమించు 1,500 తింటుంది. కెటిల్ మరో 1,500. ఇంతలో కోడలు మైక్రోవేవ్ నొక్కిందంటే చీకటి. మొదటి సాయంత్రం మా బండిలో మూడుసార్లు ఇలా జరిగింది. కరెంటు పోయిందని మా వారు నెల్లూరులో అన్నట్టే బయటికి పోయి పక్కవాళ్ళ దీపాలు చూసి వచ్చారు. ఒకసారి ఒక్క పెద్ద వస్తువే నడపాలని తెలిసిపోయాక ఇబ్బంది లేదు. పెద్ద బండ్లకు ఉండే 50 ఆంపియర్లది రెండు తీగల్లో కలిపి 12,000 వాట్ల దాకా ఇస్తుంది, మీకు అంత అక్కరలేదు. మన ఇంటి మిక్సీని సూట్‌కేసులో పెట్టుకుపోవద్దు. 230 వోల్టులకు చేసిన మోటారు అక్కడ మూలుగుతుంది, పప్పు నలగదు. పొడులు, కారాలు ఇక్కడే కొట్టించి తీసుకుపోండి. నెల్లూరు కారం ఒక డబ్బా, గోంగూర ఒక సీసా ఉంటే సగం వంట అయినట్టే.

ఇప్పుడు ఎవరూ అడగడానికి ఇష్టపడని విషయం. బండి కింద మూడు ట్యాంకులు ఉంటాయి. ఒకటి మంచినీళ్ళది. ఒకటి వంటగది, స్నానాల నీళ్ళది, గ్రే ట్యాంకు అంటారు. మూడోది మరుగుదొడ్డిది, బ్లాక్ ట్యాంకు. పొరపాటు జరిగేది మూడోదానితోనే. స్టేట్ పార్కులో మురుగు గొట్టం ఉండదు కాబట్టి అన్నీ మూసే ఉంటాయి. ప్రైవేటు చోట గొట్టం బిగించుకున్నాక బ్లాక్ ట్యాంకు మూత తీసి ఉంచితే సౌకర్యం అనిపిస్తుంది. అది చేయకండి. నీరంతా పారిపోయి గట్టిపదార్థం అడుగున గుట్టలా ఎండిపోతుంది. మూడింట రెండు వంతులు నిండేదాకా ఆగి, ఒక్కసారి వదలాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే, ఈ వరస మారకూడదు. సబ్బునీళ్ళు వెనక వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. రబ్బరు చేతి తొడుగులు వేసుకోండి. ఈ పని మా ఇంట్లో నాదే. ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళు హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన చూసినదాన్ని, నాకు ఇదొక లెక్క కాదు. మా అల్లుడు గట్టు మీద నిలబడి ఫోను చూసుకుంటాడు.

మనం నీళ్ళతో కడుక్కునే అలవాటు ఇక్కడ మేలు చేస్తుంది. బ్లాక్ ట్యాంకుకు కావలసింది నీళ్ళే, కష్టమంతా కాగితంతోనే. ఒక మగ్గు పెట్టుకోండి. ట్యాంకు కాస్త త్వరగా నిండుతుంది, అంతే. వంటింటి తొట్టెలో మాత్రం జాగ్రత్త. అన్నం మెతుకులు, చింతపండు పిప్పి, పోపు నూనె గ్రే ట్యాంకులోకి పోతే మూడో రోజుకు బండి మొత్తం పాత పులుసు కుండలా ఉంటుంది. గిన్నెలను ముందు కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేసి, తర్వాత కడగండి. గంజి కూడా అందులో వంచకండి, అత్తెసరు పెట్టుకోండి.

పోపు బండి లోపల పెట్టవద్దని కూడా చెప్పాలి. ఎండుమిరపకాయ నల్లబడేలోపు పొగ అలారం మొదలవుతుంది, పక్క చోట్లవాళ్ళు బయటికి వస్తారు. చిన్న గ్యాసు పొయ్యి బల్ల మీద పెట్టి బయటే వండండి. మేము చేపల పులుసు కూడా అలాగే చేశాం. అక్కడి చేపకు మన కొరమీను రుచి లేదు, మామిడికాయ వేస్తే ఎలాగో దాటింది. పక్క చోటులోని ఓహాయో ముసలాయన వాసనకు వచ్చి గిన్నె చూపించి అడిగాడు. ఒక గరిటె పోశాం. రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు, మరునాడు మళ్ళీ వచ్చాడు.

తిండి రాత్రి బయట వదలకూడదు. కళ్ళకు గంత కట్టుకున్నట్టుండే రకూన్ అనే జంతువు ఉంటుంది, చేతులు మనుషుల చేతుల్లా పనిచేస్తాయి. నెల్లూరు నుంచి మోసుకుపోయిన మలై కాజా డబ్బా మూత తీసి, నాలుగు తిని, మిగిలినవి గడ్డిలో దొర్లించి పోయింది. మూత పగలలేదు. మంట వేసుకోవడానికి కట్టెలు అక్కడే దగ్గర్లో కొనండి, న్యూజెర్సీ నుంచి తేకండి. వేడి చేసి శుద్ధి చేయని కట్టెలను 50 మైళ్ళకు మించి తరలించడం న్యూయార్క్‌లో నేరం. బయటి రాష్ట్రం నుంచి తేవడం కూడా అంతే. ఆష్ అనే చెట్లను చంపుతున్న పచ్చ పురుగు కట్టెల్లో దాగి ఊరూరా పాకిందని ఆ చట్టం. రాత్రి పది దాటాక గొంతులు తగ్గించాలి. మన ఇళ్ళల్లో వీడియో ఫోన్లు సరిగ్గా ఆ సమయానికే మోగుతాయి. నెల్లూరులో అప్పటికి పొద్దున ఏడున్నర.

మీకు వైన్‌తో పనేమిటన్నారు కదా. నాకూ తాగే అలవాటు లేదు. కానీ ముప్పై ఏళ్ళు ఆమ్లాలు, క్షారాలు బోధించినదాన్ని, వైనరీలో నాకు కాలం తెలియదు. ద్రాక్షలోని ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్. మన చింతపండు పులుపు కూడా ప్రధానంగా అదే. అక్కడి పేరున్న రకం రీస్లింగ్. తెల్ల వైన్, చల్లటి నేలల్లో మెల్లగా పండి పులుపు నిలుపుకుంటుంది. బాగా చల్లబరిస్తే సీసా అడుగున గాజు పలుకుల్లాంటివి కూడతాయి, అది టార్టారిక్ ఆమ్లపు పొటాషియం లవణం, చెడిపోవడం కాదు. ఒక చుక్క నాలుక మీద పెట్టి పక్కనున్న పాత్రలో ఉమ్మివేయడం అక్కడ మర్యాదే, నిపుణులు చేసేదీ అదే. నేను అలా చూశాను. నిమ్మకాయ రసం, ఆకుపచ్చ ఆపిల్, వెనకాల ఏదో తడిసిన రాయి వాసన. మా నాన్న నిమ్మకాయ గిల్లి వాసన చూసి ఏ తోటదో చెప్పేవారు, ఆయన ఉంటే బాగుండేదనిపించింది.

వైనరీకి వెళితే తాగే తీరాలని లేదు. చాలాచోట్ల పిల్లలకు, మనలాంటివారికి ద్రాక్షరసం ఇస్తారు. సెప్టెంబరు, అక్టోబరు కోతకాలం, గుత్తులు తొట్టెల్లోకి పడటం, నలగడం, ఆ పులిసిన వాసన చూడవచ్చు. ఈ తోటల చరిత్రలో నాకు నచ్చిన మనిషి కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్. ఉక్రెయిన్ వైపు నుంచి 1951లో వలస వచ్చాడు. ఐరోపా ద్రాక్ష ఈ చలికి బతకదని అందరూ అంటుంటే, అక్కడి చలి దీనికన్నా ఎక్కువ, అక్కడే పండించాను కదా అని పట్టుబట్టాడు. చలికి ఆగే వేళ్ళకు అంటుకట్టి, 1962లో క్యూకా ఒడ్డున సొంత వైనరీ పెట్టి చూపించాడు. అంటు సంగతి తెలిసిన తోటవాళ్ళకు ఆ మొండితనం విలువ తెలుస్తుంది. 1976లో చిన్న రైతులు సొంతంగా వైన్ చేసి అమ్ముకోవడానికి వీలిచ్చే చట్టం వచ్చింది, ఇప్పుడు ఆ సరస్సుల చుట్టూ వందకు పైగా వైనరీలు. రోజుకు రెండు చాలు, ఎనిమిది కాదు. అబ్బాయి తాగితే కోడలు నడపాలి, కోడలు తాగితే అబ్బాయి. రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం చేరితే నేరం, 0.05 దాటినా కేసు పెడతారు.

వైన్ కన్నా నేను మీకు చెప్పేది కనన్డైగ్వా సరస్సు దక్షిణాన నేపుల్స్ ఊళ్ళో దొరికే ద్రాక్ష ‘పై’ అనే పిండివంట. కాంకర్డ్ అనే నల్ల ద్రాక్ష తొక్క, గుజ్జు విడదీసి ఉడికించి పిండి పొరలో పెట్టి కాలుస్తారు. శరత్కాలంలోనే తాజాగా ఉంటుంది. శనివారం వస్తే పెన్ యాన్ దగ్గర సంత చూడండి. చుట్టుపక్కల పాతకాలపు పద్ధతుల్లో బతికే మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలున్నాయి, గుర్రపు బండ్లలో వస్తారు. ఇంటి ముందు బల్ల మీద వంకాయలు, టమాటాలు పెట్టి, పక్కన డబ్బా ఉంచి లోపలికి పోతారు. మీరే డబ్బు వేసి కూరగాయలు తీసుకోవాలి. వాళ్ళ గుర్రపు బండి వెనక మీ కారు పడితే హారన్ కొట్టకండి.

వదినగారి మోకాళ్ళ గురించి. వాట్కిన్స్ గ్లెన్ లోయలో 19 జలపాతాలు, రాతిలో చెక్కిన 800 పైచిలుకు మెట్లు. తడిగా ఉంటాయి. మొత్తం ఎక్కనక్కరలేదు, కింది ద్వారం నుంచి పావుగంట నడిస్తేనే మనసు నిండుతుంది, వచ్చిన దారినే తిరిగి రండి. పై నుంచి దిగడం తేలికని ఎవరైనా చెబితే నమ్మకండి, నొప్పి మోకాళ్ళకు దిగుడే శిక్ష. టాఘానక్‌లో మాత్రం జలపాతం అడుగుదాకా కిలోమీటరుకు కాస్త పైన చదును దారి ఉంది. ఎత్తు 215 అడుగులు, నయాగరా కన్నా 33 అడుగులు ఎక్కువ. సెప్టెంబరులో నీరు తక్కువగా ఉండవచ్చు, వాన పడిన మరునాడు వెళ్ళండి.

మనవడి గురించి రెండు జాగ్రత్తలు. గడ్డిలో ఆడి వచ్చాక చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక గోమారి పురుగులు పట్టాయేమో చూడాలి. లైమ్ అనే జబ్బు వాటి వల్లే వస్తుంది. ఒడ్డున నీళ్ళు పచ్చ రంగు డబ్బా ఒలికినట్టు కనబడితే దిగనివ్వకండి, వేసవి చివరలో విషపు నాచు వస్తుంది. హెచ్చరిక బోర్డు పెట్టి ఉంటే వాదించకండి.

సెప్టెంబరు రాత్రి పది డిగ్రీల దాకా దిగుతుంది. సంక్రాంతికి కూడా ఇరవై డిగ్రీలకు మఫ్లరు కట్టే మనకు అది చలే. రెండు దుప్పట్లు, మేజోళ్ళు ఉంచుకోండి. వాట్కిన్స్ గ్లెన్‌లో కారు పందేల మైదానం ఉంది, 1961 నుంచి 1980 దాకా ఫార్ములా వన్ పందేలు కూడా అక్కడే జరిగాయి. పందేలున్న వారం పడిందేమో ముందే చూసుకోండి, ఆ వారం చుట్టుపక్కల ఒక్క చోటు దొరకదు, దొరికినా నిద్ర ఉండదు.

చివరగా, ఆ రోజుల్లో వినాయక చవితి పడితే ఏం చేయాలని వదినగారు అడిగించారట. మాకూ ఒక సంవత్సరం అలాగే పడింది. పార్కులో ఆకు కోయడం నిషేధం, పత్రికి బదులు బజారులో కొన్న కొత్తిమీర, పుదీన, పాలకూర పెట్టాం. కుడుములు రైస్ కుక్కరులో, ఏసీ ఆపి. మట్టి వినాయకుడిని బల్ల మీద సరస్సు వైపు చూసేట్టు కూర్చోబెట్టాం. నిమజ్జనం సరస్సులో కుదరదు, అది వాళ్ళ తాగునీరు. బకెట్‌లో చేశాం. మట్టి కరిగిపోయాక ఆ నీళ్ళను మా అల్లుడు వంటగది తొట్టెలో పోయబోతే చేయి పట్టుకుని ఆపాను, గ్రే ట్యాంకులో మట్టి పేరుకుంటే వదలదు. బకెట్ మూత బిగించి రోచెస్టర్ తీసుకుపోయి, మా అమ్మాయి కిటికీలో పెంచుతున్న కరివేపాకు కుండీలో పోశాం.